తొలి బీడీ తాగే రాజం

లక్సెట్టిపేటలో ఆ బీడీల కార్ఖానా కిటికీలు తెరిచేవాళ్లు కాదు. గాలి వస్తే తంబాకు లేస్తుంది. లేచిన తంబాకు కళ్లలో పడుతుంది, తుమ్ములు తెప్పిస్తుంది, సేటుకు నష్టం చేస్తుంది. అందుకని ఎండాకాలంలో కూడా రెక్కలు మూసే ఉండేవి. పొద్దు ఎక్కడిదాకా వచ్చిందో పెంకుల సందుల్లోంచి నేలమీద పడ్డ వెలుగు బిళ్లలు చెప్పాలి. ఆ వెలుగులో ధూళి మెల్లగా, తొందర లేని నదిలా తిరుగుతూ ఉండేది. లోపల కూర్చున్నవాళ్లు దాన్నే పీల్చేవాళ్లు.

రాజం పని బీడీలు చుట్టడం కాదు, తంబాకు కలపడం. ఘాటుది ఒక బస్తా, మెత్తనిది ఒక బస్తా గచ్చు మీద కుమ్మరించి, రెండు చేతులా కలిపి, అందులోంచి చిటికెడు తీసి తునికాకులో చుట్టి వెలిగించేవాడు. దాన్ని తొలి బీడీ అనేవాళ్లు. అది తాగి ఆయన తల ఊపేదాకా వరసల్లో కూర్చున్న ఆడవాళ్లు చాటల్లోకి తంబాకు తీసుకోరు. తల ఊపకపోతే మళ్లీ కలపాలి, మళ్లీ వెలిగించాలి. పాళ్లు కుదిరేదాకా ఎన్నయినా తాగాలి.

ఆయన సాలెవాళ్ల ఇంట్లో పుట్టాడు. నిజాం రాజ్యం పోయాక నూలు దొరక్క తండ్రి మగ్గం ఆగింది. మీసాలు సరిగా రాని వయసులో మగ్గం గుంటలోంచి లేచి రాజం ఈ మూసిన గదిలోకి వచ్చాడు. అప్పుడు తంబాకు కలిపే బాలమల్లు అనే ముసలాయన ఒకనాడు సరదాగా తన బీడీ చేతికిచ్చి, ఎట్లున్నదని అడిగాడు.

"ముందు మెత్తగున్నది తాతా. ఎనుక గొంతుల గీరుతున్నది," అన్నాడు రాజం.

"నీ నాలుక మంచిగున్నది పిలగా. గిది అందరికి రాదు."

ఆ మాట రాజం నెత్తిన తలపాగాలా కూర్చుంది. బాలమల్లు పోయాక ఆ చోటు ఆయనదే అయింది. కార్ఖానా వెనుక సేటు గది ఇచ్చాడు. ఆ గదికే కొమురవ్వ పెళ్లాంగా వచ్చింది. ఆమె కూడా వరసలో కూర్చుని బీడీలు చుట్టేది. ఆమె వేళ్ల మధ్య ఆకు చినుకు పడ్డ చప్పుడంత మెత్తగా ముడుచుకునేది.

ఒక చలికాలం పట్టుకున్న దగ్గు మామిళ్లు పూసినా పోలేదు. గోదావరిలో స్నానం చేసి గడ్డ ఎక్కేటప్పుడు రాజం నడుమ కూర్చోవడం మొదలుపెట్టాడు. పడుకుంటే ఆయన రొమ్ములో ఎవరో మగ్గం నేస్తున్నట్టు చప్పుడయ్యేది. కొమురవ్వే పట్టుబట్టి బస్సెక్కించి కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయింది. అది పంతొమ్మిది వందల అరవై నాలుగో సంవత్సరం.

డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు.

"రోజుకెన్ని తాగుతవు?"

"నా కోసమైతె ఒక్కటి గూడ తాగ సారూ. పని కోసం తాగుత."

"నీ రొమ్ముకు గది ఎర్కలేదు." డాక్టరు గొట్టం మెడలో వేసుకున్నాడు. "విలాయతిల, అమెరికాల పెద్ద పెద్ద డాక్టర్లు తేల్చి చెప్పిన్రు. పొగ రొమ్మును తింటది. లోపట పుండు గూడ పుట్టిస్తది. నువ్వు తగ్గించుడు కాదు, బంద్ జెయ్యాలె."

రాజం అడిగాడు. "గా దేశాలల్ల గూడ తాగుతరా సారూ?"

"మనకన్న ఎక్కువ."

తిరుగు బస్సులో రాజం ఆ మాటే నమిలాడు. సముద్రాల అవతల కూడా ఒక మూసిన గది ఉంటుంది. అందులో కోటు వేసుకున్న ఒక మనిషి తొలి సిగరెట్టు వెలిగించి తల ఊపుతాడు. ఆయన పెళ్లాం కూడా చీకట్లో కళ్లు తెరుచుకుని ఆయన రొమ్ము చప్పుడు వింటుంది. భూమి అంతా ఒకే కార్ఖానా అనిపించి రాజానికి బస్సులోనే ఊపిరి ఆడలేదు.

మర్నాడు సేటు దగ్గరికి పోయి, కట్టలు కట్టే పని ఇమ్మని అడిగాడు.

సేటు చెడ్డవాడు కాదు. చాయ్ తెప్పించాడు. "జర సోంచాయించు రాజం. కట్టలు కట్టేటోళ్లు గల్లీ గల్లీకి దొరుకుతరు. నీ నాలుక నాకు యాడ దొరకాలె? నువ్వు తాగనంటె వేరేటోన్ని జూసుకుంట. వానికి గది గూడ ఇయ్యాలె గద?"

రాజం చాయ్ తాగి వచ్చేశాడు. ఆ రోజు నుంచి బీడీ వెలిగించి నోట్లో పెట్టుకునేవాడు, పీల్చేవాడు కాదు. తంబాకును వాసన చూసి, అరచేతిలో నలిపి తల ఊపేవాడు. ఎండలున్నన్నాళ్లు ముక్కు మోసం చేయలేదు.

వానలు పడ్డాయి. ఘాటు తంబాకు బస్తాలకు చెమ్మ పట్టి వాసన అణిగిపోయింది. రాజం ముక్కుకు అది చప్పగా తోచింది. ఇంకో బస్తా ఘాటుది కుమ్మరించి తల ఊపాడు. చుట్టిన బీడీలను సెగ మీద ఆరబెట్టగానే చెమ్మ పోయింది, అణిగిన ఘాటు లేచింది. బెల్లంపల్లి బొగ్గు గనులకు పోయిన బీడీల గంపలన్నీ తిరిగి వచ్చాయి.

"బొగ్గుబాయోళ్లు గొంతులు వట్టుకుంటున్నరట," సేటు వరసల మధ్య నిలబడి అన్నాడు. "తొలి బీడీ తాగినవా లేదా? జెప్పు."

రాజం గచ్చు వైపు చూశాడు. చుట్టే చేతులన్నీ ఆగిపోయాయి.

"రేపటి సంది నేను తాగుత," అంది కొమురవ్వ, చాటలోంచి తల ఎత్తకుండా. "గాయిన పాళ్లు కలుపుతడు, నేను తాగి జెప్త. మీకు బీడీ మంచిగుంటె సాలు గద సేటూ."

పక్కన కూర్చున్న పోశవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఓ కొమురక్కా, ఇంట్ల ఒక్క దగ్గు సాలదా ఏంది? జోడీ కావాల్నా?"

"మా అత్త పండ్లూడినంక తాగవట్టింది. నేను పండ్లున్నప్పుడే మొదలువెడుత తియ్యి."

వరసలన్నీ నవ్వాయి. సేటు కూడా నవ్వి వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చాక రాజం వద్దన్నాడు. అరిచాడు, తర్వాత బతిమాలాడు.

"మరి ఎట్ల జేద్దాం?" అంది కొమురవ్వ, పొయ్యి ఊదుతూ. "నువ్వు పోతె సేటు నన్ను గీ గదిలుంచుతడా? నా రొమ్ము గట్టిగున్నది. నువ్వు మంచిగయ్యేదాంక."

మొదటి రోజుల్లో ఆమె కళ్లనిండా నీళ్లు తెచ్చుకుని దగ్గేది. తర్వాత చెప్పడం వచ్చింది. "నాలుక కొసకు సురుక్కుమన్నది." "ముక్కుల తియ్యగున్నది." "గొంతుల నిలువలే, ఉత్తగనే పోయింది." ఆ మాటలు విని రాజం చేతులు పాళ్లు మార్చేవి. ఆమె ఊదిన పొగకు మొహం తిప్పుకునేవాడు గానీ, ఆ గదిలో పొగ లేని దిక్కు ఉండేది కాదు. బెల్లంపల్లి నుంచి గంపలు తిరిగి రాలేదు.

ఆ చలికాలం రాజం గోదావరి గడ్డను ఎక్కడా కూర్చోకుండా ఎక్కాడు. పైకి వచ్చాక ఆగి, లోపలికి వెళ్తున్న గాలిని విన్నాడు. సంతోషం కలిగింది. వెంటనే సిగ్గు వేసింది. ఆ గాలి ఎవరి రొమ్ములోంచి తీసి తనకు పెట్టారో తెలుసు. కలిపిన ప్రతి కుప్ప ముందూ, ఇవాళ్టితో చాలు అని చెప్పాలనుకునేవాడు. నోరు తెరిస్తే పాళ్ల సంగతే వచ్చేది.

ఉగాదికి కార్ఖానా బంద్. పొద్దున్నే రాజం వేపపూత కోసుకుని వచ్చేసరికి కొమురవ్వ గడపలో కూర్చుని ఉంది. ఆమె వేళ్ల మధ్య బీడీ వెలుగుతోంది. ముందర కుప్ప లేదు, చాట లేదు. పొగను లోపల నిలుపుకుని, కళ్లు సగం మూసుకుని ఉంది.

"గిదేంది? ఇయ్యాల పని లేదు గద."

"లేదు," అంది. "లేవంగనే పానం గుంజింది. ఒక్కటే."

"బంద్ జెయ్యి కొమురవ్వా."

ఆమె ఆయన వైపు నిజంగానే అడుగుతున్నట్టు చూసింది. "ఎట్ల జెయ్యాలె? నువ్వెట్ల జేసినవో జెప్పు."

రాజం వేపపూతను కింద పెట్టాడు. తాను మానేయలేదు. బీడీని ఆమె చేతిలో పెట్టాడు, అంతే.

మర్నాడు కుప్ప కలిపి, ఆమె లేచి వచ్చేలోపే చిటికెడు తీసుకుని చుట్టాడు. అందరూ చూస్తుండగా వెలిగించి గుండెలనిండా పీల్చాడు. ఆగిన దగ్గంతా ఒక్కసారే వచ్చింది. వంగిపోయి, మళ్లీ నిటారుగా కూర్చుని, సేటుకు కూడా కనిపించేలా తల ఊపాడు.

"ఇగ నువ్వు కూసో," అన్నాడు కొమురవ్వతో. "నా పని నేను జేసుకుంట."

ఆడవాళ్లు తంబాకు తీసుకుని తమ చోట్లకు వెళ్లిపోయారు. కొమురవ్వ వెళ్లలేదు. కుప్ప అంచున గొంతుకూర్చుని, ఆయన వేళ్ల మధ్య వెలుగుతున్న బీడీ వైపు చెయ్యి చాచింది.

"సగమన్న ఇయ్యి," అంది మెల్లగా.