దక్షిణపు కమాను

ఆ చర్చిలోకి మొదటిసారి వెళ్లినవాళ్లు ఉత్తరం వైపు కమానునూ దక్షిణం వైపు కమానునూ మార్చి మార్చి చూస్తారు. ఉత్తరం వైపుది గీత గీసినట్టు ఉంటుంది. దక్షిణం వైపుది నడినెత్తిన కుంగి, ఒక భుజం దించుకున్న మనిషిలా ఉంటుంది. దాన్ని పూర్తి చేసిన ఆడమనిషిని అందరూ బట్టీ అక్క అనేవాళ్లు.

ఆమె పుట్టింది సున్నం బట్టీ పక్కన, పెరిగిందీ అక్కడే. కాలిన సున్నపు గుల్లను నీళ్ల గుంటలో వేస్తే బుసలు కొడుతూ ఉడుకుతుంది. ఆమె మాట కూడా అలాగే చుర్రుమనేది. తాపీమేస్త్రీని పెళ్లాడి వచ్చిన కొత్తలోనే అత్త, "నీ నోట్లో నోరు పెడితే నా పళ్లు నాకు మిగలవే తల్లీ" అని చేతులెత్తేసింది. మేస్త్రీ మాత్రం నవ్వేవాడు. నెమ్మదైన మనిషి. రాయిని తిప్పి తిప్పి చూసి, దానికి నచ్చజెప్పి మరీ గోడలో కూర్చోబెడుతున్నాడా అనిపించేది.

అంతకుముందు అక్కడ రేకుల కప్పుతో పాత చర్చి ఉండేది. దాని మధ్యలో మనిషెత్తు గోడ. గోడకు ముందు పై వీధివాళ్లు, వెనక కింది వీధివాళ్లు, అంటే బట్టీలోనూ క్వారీలోనూ పనిచేసేవాళ్లు. వెనకవాళ్లకి ఫాదర్‌గారి గొంతు వినిపించేది గానీ మొహం కనిపించేది కాదు. కొత్త చర్చిని ఆయన సిలువ ఆకారంలో గీయించారు. పొడుగాటి హాలు, బలిపీఠానికి ముందు చాచిన చేతుల్లా అటొక గది, ఇటొక గది, అవి హాల్లోకి తెరుచుకునే చోట పెద్ద కమానులు. ఎక్కడ నిలబడ్డా పీఠం కనబడాలన్నది ఆయన పట్టుదల. దక్షిణం వైపు కింది వీధివాళ్లు నిలబడాలి, అడ్డుగోడ ఉండకూడదు.

ఉత్తరం కమాను లేచేదాకా పై వీధివాళ్లు నోరు మెదపలేదు. దక్షిణం కమాను లేస్తుండగా కలప డిపో యజమాని నలుగురిని వెంటేసుకుని వచ్చాడు.

"ఇది మూసెయ్యి మేస్త్రీ. గోడ కట్టి ఒక కిటికీ పెట్టు. వాళ్లు అవతల నుంచి వింటారు."

"వాళ్లంటే ఎవరండీ, మేమేగా?" అన్నాడు మేస్త్రీ, చేతిలో తాపీ దించకుండా.

"తెలిసీ అడుగుతావేం?"

"మా ఆవిడ కిటికీలోంచి తొంగిచూసే రకం కాదండీ. కిటికీ ఊడబీకుతుంది. నాకెందుకొచ్చిన గొడవ."

కూలీలు పక్కున నవ్వారు. డిపో యజమాని మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు. ఆ నవ్వే కొంప ముంచింది.

శనివారం మిట్టమధ్యాహ్నం, కూలీలు అన్నానికి వెళ్లిన సమయంలో గుంపు వచ్చిపడింది. గునపాలు, పార కర్రలు, సైకిలు గొలుసులు. మేస్త్రీ పరంజా మీద ఒంటరిగా ఉన్నాడు. గోడ అవతల గుంట దగ్గర బట్టీ అక్క గుల్లకు నీళ్లు పోస్తోంది. ఆ బుసబుసలో ఆమెకు మొదటి అరుపు వినబడలేదు. తర్వాత తాడు తెగిన చప్పుడు, వెంటనే వెదుళ్లు విరిగిన చప్పుడు వినబడ్డాయి.

ఆమె పరుగెత్తి వచ్చేసరికి మేస్త్రీ రాళ్లతో సహా కింద పడి ఉన్నాడు. కాలు వెనక్కి మడతపడింది. అయినా మోచేతుల మీద పాకుతున్నాడు. సున్నంలోకి ఎముక లేకుండా కొడతామని బెదిరించడం అంతవరకూ ఆమె ఎన్నోసార్లు విన్న మాటే. అలా కొట్టడం కళ్లారా చూసింది ఆ మధ్యాహ్నమే. గునపం దిగినప్పుడల్లా తడిబట్ట బండకేసి బాదిన చప్పుడొచ్చింది. గుంపు ముందు వరసలో సెంట్రింగ్ వడ్రంగి ఉన్నాడు. కమాను రాళ్లు ఆనుకునే చెక్క చట్రం చేసినవాడు, పరంజా కట్టినవాడు, మొన్నటిదాకా మేస్త్రీ పక్కన కూర్చుని ఒకే గిన్నెలో తిన్నవాడు.

బట్టీ అక్క అరవలేదు. వెనక్కి వెళ్లి, పొడుగు కర్ర బిగించిన బకెట్‌తో ఉడుకుతున్న సున్నం ముంచుకొచ్చి వడ్రంగి మొహాన కొట్టింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ ముంచింది. ఎవరి వీపున పడిందో, ఎవరి మెడన పడిందో చూసుకోలేదు. చర్మం కాలిన వాసన, కళ్లు పట్టుకుని కిందపడి దొర్లుతున్న వడ్రంగి కేకలు. గుంపు చెల్లాచెదురైంది. ఆమె చేతులు కూడా మోచేతుల దాకా బొబ్బలెక్కాయి. గుంట అడుగు తగిలాకే ఆగింది.

ఆసుపత్రి బండి వచ్చేలోపే మేస్త్రీ ఆమె ఒళ్లో పోయాడు. పోలీసులు ఆ సాయంత్రమే ఆమెను పట్టుకెళ్లారు.

కోర్టులో పై వీధివాళ్లంతా ఒకే పాట పాడారు: పరంజా దానంతటదే కూలింది, ఆ దెబ్బలు రాళ్లవి. తాడు కోసింది చూశానన్నవాడు ఒక్కడూ లేడు. వడ్రంగికి రెండు కళ్లూ పోయాయి. అది మాత్రం అందరికీ కనబడుతోంది.

"చేసినదానికి బాధగా ఉందా?" అని జడ్జి అడిగాడు.

"సున్నం అయిపోయిందండీ, లేకపోతే ఇంకా పోసేదాన్ని" అంది. లాయరు తల పట్టుకున్నాడు.

ఆమె జైల్లో ఉండగా ఫాదర్‌గారు చూడటానికి వచ్చారు. కమాను సగంలో ఆగి, చెక్క చట్రం మీదే ఉందనీ, గోడ కట్టేస్తే గొడవ సద్దుమణుగుతుందని తన పై చర్చి పెద్దలు చెబుతున్నారనీ అన్నారు.

"కట్టండి. నేను బయటికొచ్చాక దానికే తల బద్దలుకొట్టుకుంటా. ఆ రక్తం కడిగాక పూజ చేసుకుందురు గాని."

ఆయన గోడ కట్టలేదు. కట్టనన్న మాటే ప్రసంగంలో చెబితే ఎవరో విసిరిన రాయి తగిలి ముందు పన్ను రాలింది. అప్పటినుంచి 'స' పలికినప్పుడల్లా ఈల వినబడేది. పిల్లలు నవ్వేవాళ్లు, ఆయనా నవ్వేవారు.

కొన్నేళ్లకు విడుదలైంది. ఇంటికి పోయి, అత్త దగ్గర పెరుగుతున్న కూతుర్ని దగ్గరకు తీసుకుంది. మర్నాడే బట్టీ వాళ్లను కూడగట్టుకుని కమాను దగ్గరకు వెళ్లింది. మేస్త్రీ పని చూస్తూ నేర్చుకున్నదే ఆమెకు తెలిసిన విద్య. మిగిలిన రాళ్లు ఎక్కించి, నడినెత్తిన చివరి రాయి దిగ్గొట్టి, సున్నం గట్టిపడేదాకా ఆగింది. ఇక చట్రం కిందనున్న చెక్క మేకులు కొట్టేస్తే కమాను తన కాళ్ల మీద నిలబడాలి, లేదా మీద పడాలి. అందర్నీ బయటికి తరిమి, సుత్తి తీసుకుని ఒక్కతే లోపల మిగిలింది.

ఆమె మేకులు కొడుతున్న చప్పుడుకి వడ్రంగి కర్ర తాటించుకుంటూ లోపలికొచ్చాడు.

"నా చట్రం ఎవడ్రా పీకుతోంది?"

"నేనే."

గొంతు గుర్తుపట్టాడు. కర్ర పారేసి, చేతులు చాచి మీదపడి, స్తంభానికి అదిమి గొంతు పిసికాడు. కళ్లు పోయినా చేతుల్లో బలం పోలేదు. ఆమె సుత్తి వదలకుండా, ఊపిరి అందీ అందకుండా అడిగింది.

"తాడు కోసింది ఎవరు?"

"నేనే కోశా. నేను కట్టిన ముడేగా. ఎక్కడ కోస్తే మొత్తం ఊడుతుందో నాకు కాక ఇంకెవడికి తెలుసు?"

ఆమె సుత్తి ఎత్తి కొట్టింది. తలకు గురిపెట్టింది గానీ దెబ్బ భుజానికి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినబడింది. అతను కూలబడ్డాడు. ఆమె దగ్గుతూ, తూలుతూ వెనక్కి తిరిగి, మిగిలిన మేకులు కూడా కొట్టేసింది. కమాను మూలిగి, బొటనవేలు మందాన కుంగి, ఆగిపోయింది.

పోలీసులు వస్తే వడ్రంగి, "తడుముకుంటూ వచ్చి పడ్డాను" అన్నాడు. గుచ్చి గుచ్చి అడిగినా అదే మాట. ఎందుకలా చెప్పాడో ఆమెకు అర్థం కాలేదు, వెళ్లి అడగనూలేదు. అతని మీద కోపం తగ్గలేదు. కాకపోతే ఆ రోజు తర్వాత మళ్లీ సుత్తి ఎత్తాలనిపించలేదు.

కమాను మూయమని ఇంకెవరూ రాలేదు. డిపో యజమాని కుటుంబం ఉత్తరం వైపు నిలబడేది. పూజ జరుగుతున్నంతసేపూ ఇటువైపు తల తిప్పేది కాదు. బట్టీ అక్క తన కూతురి పెళ్లి దక్షిణం కమాను కిందే చేసింది. మొదటి నుంచీ చివరిదాకా తల వంచుకునే నిలబడింది. ఎంత భక్తో అనుకున్నారు చూసినవాళ్లు. ఆమెకు తల పైకెత్తాలంటే భయం. ఎత్తితే పరంజా మీద మేస్త్రీ కనబడతాడు.