అంచు కోసిన పుస్తకం

1987లో నా బైండింగ్ షాపు తెనాలి స్టేషనుకు దగ్గరలో, ఒక ప్రింటింగ్ ప్రెస్సు పక్క గదిలో ఉండేది. స్కూళ్ళ రిజిస్టర్లు, ప్రెస్సులో అచ్చయిన పుస్తకాలు, ఇళ్ళలో అట్టలూడిన పాత గ్రంథాలు నా పని. ఆ ఫిబ్రవరిలో నా భార్య పోయింది. అచ్చయిన ఫారాలు మడవటం, కుట్టటం ఆమె చూసుకునేది. అట్ట వేయటం, అంచులు కోయటం నాది. గోడవారన ఆమె కూర్చునే చాప, దారానికి రుద్దే మైనం ముక్క ఉన్నచోటే ఉంచాను. కుట్టుపని బల్ల దగ్గర నిలబడి చేసుకునేవాణ్ణి.

జూన్‌లో ఒక మధ్యాహ్నం రేపల్లె బండి దిగి ఒకావిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. పేరు ఎస్తేరు అని, రేపల్లెలో టీచరునని చెప్పి, గుడ్డసంచిలోంచి ఒక కట్ట తీసి బల్లమీద పెట్టింది. పిల్లల డ్రాయింగ్ పుస్తకాల్లోంచి చింపిన కాగితాలు, రెండువందల పైనే. ప్రతి కాగితానికీ ఒకవైపు మైనపు రంగులతోనో నీటి రంగులతోనో వేసిన బొమ్మ, వెనక పెన్సిలుతో వరస అంకె.

"వీటిని ఒక్క పుస్తకంగా కుట్టాలండి. విడిగా ఉంటే ఎటైనా పోతాయేమోనని భయం."

"మీరే వేశారా అమ్మా?"

"నాకు బొమ్మలు రావండి. మా ఆయన పోయాక మొదలెట్టాను. పొద్దున్నే పొయ్యి వెలిగించే ముందు రోజుకో కాగితం. ఏది తోస్తే అది. రబ్బరు మాత్రం వాడను."

నేను పుస్తకాలు చదివే అలవాటున్నవాణ్ణి. దుఃఖం వస్తే మనుషులు రాసుకుంటారని తెలుసుగానీ, ఇలా రంగులు వేసుకుంటారని తెలియదు. ఎందుకు రాయలేదని అడిగాను.

"రాయబోయానండి. రాస్తే ఆయనకి ఉత్తరంలాగా అయిపోతోంది. ఉత్తరం రాశాక జవాబు కోసం చూస్తాం కదా. బొమ్మకైతే ఆ బాధ లేదు." కట్టమీద చెయ్యి పెట్టి మళ్ళీ అంది. "నేను ఏడవలేదని మావాళ్ళ కోపం. మా ఆడపడుచు మొహానే అనేసింది, 'నీది గుండె కాదే వదినా, రాయి' అని. ఆరోజు నల్లరంగు అయిపోయేదాకా కాగితం మీద రుద్దాను. ఆ కాగితం కూడా ఉందండి ఇందులో. వరస మాత్రం మార్చొద్దు."

మార్చనని మాట ఇచ్చాను. వచ్చే శనివారం రమ్మన్నాను.

విడి కాగితాలను నేరుగా కుట్టలేం. రెండేసి కాగితాల ఎడమ అంచులను సన్నటి కాగితపు పట్టీతో కలిపి, మధ్యలో మడత వచ్చేలా చేసి, ఆ మడతలో సూది దించాలి. దీన్ని గార్డింగ్ అంటాం. మైదా జిగురులో పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపి, నాలుగు రోజులు ఆ పనే చేశాను. ప్రతి కాగితమూ నా చేతిలోంచే వెళ్ళింది. కానీ జిగురు రాసేది ఎడమ అంచుకి. నా కళ్ళూ అక్కడే ఉన్నాయి.

కుట్టు అయ్యాక పుస్తకం ఎగుడుదిగుడుగా ఉంది. చింపిన కాగితాలు కదా. పక్క ప్రెస్సు సుబ్బారావు వచ్చి చూశాడు.

"ఏంటి బావా, గడ్డం గీసుకోని పెళ్ళికొడుకులా ఉందిది? ఇలాగే ఇచ్చేస్తావా ఏంటి?"

అతను అనకపోయినా కోసేవాణ్ణే. కుట్టిన పుస్తకాన్ని కటింగ్ మెషిన్‌లో బిగించి మూడువైపులా పావంగుళం తీయటం మా పనిలో ఆఖరి మెట్టు. అక్షరాలున్న పుస్తకమైతే అంచున ఖాళీ ఎంతుందో కొలిచి కోస్తాం. ఇందులో అక్షరాలు లేవు. కొలవాలని తోచలేదు. కత్తి దించాను. అంచు అద్దంలా వచ్చింది. కింద పడ్డ ముక్కలు తీసి గోనెసంచిలో వేశాను.

శనివారం ఆవిడ వచ్చింది. పుస్తకం చేతికిస్తే అట్ట చూడలేదు, మొదటి పేజీ చూడలేదు. నేరుగా చివరి పేజీలు తెరిచింది. నాలుగైదు తిప్పింది.

"ఆయన చెయ్యేదండీ?"

"ఏ చెయ్యమ్మా?"

పుస్తకాన్ని బల్లమీద పెట్టి మొదటినుంచి తిప్పి చూపించింది. మొదటి బొమ్మల్లో ఒక మనిషి కాగితం మధ్యలో ఉన్నాడు. నీలం చొక్కా, కుర్చీ, చేతిలో పేపరు. పోనుపోను ఇంట్లో వస్తువులు మధ్యలోకి వచ్చాయి. కుళాయి, సైకిలు, బట్టలు ఆరేసే తాడు. మనిషి కొంచెం కొంచెంగా కుడివైపు జరిగాడు. సగం పుస్తకానికి భుజమూ కాలూ మిగిలాయి.

"ఒక్కసారిగా తీసేయటం నావల్ల కాలేదండి. రోజూ కాస్త పక్కకి జరిపాను. ఈ చివరి నలభై కాగితాల్లో ఆయన మోచెయ్యో, చొక్కా అంచో, చెప్పు కొసో మాత్రమే ఉండాలి. ఈ కుడి చివరన. ఎప్పుడు పూర్తిగా పంపాలో నేనే చూసుకుందామనుకున్నాను. మీరు ఒక్క దెబ్బతో పంపేశారు."

ఏ పుస్తకానికైనా అంచులు కోస్తామని చెప్పాను. అది నిజమే. ఆ నిజం అక్కడ ఎవరికీ పనికిరాదని చెబుతుండగానే తెలిసింది.

"ఆ ముక్కలు పారేశారా?"

సంచి ఇంకా చిత్తుకాగితాలవాడికి వేయలేదు. తెచ్చి నేలమీద గుమ్మరించాను. ఆవిడ అడగకుండానే వెళ్ళి గోడవారన చాపమీద కూర్చుంది. నాలుగు నెలలుగా దానిమీద ఎవరూ కూర్చోలేదు. అక్కడ వద్దనబోయి ఆగిపోయాను.

ఆ వారం కోసినవి ఎక్కువగా తెల్లకాగితం రిజిస్టర్లు కాబట్టి రంగు ముక్కలు తేలిగ్గానే కనపడ్డాయి. సన్నటి పోచల్లాంటివి. నేను ఒక్కొక్కటీ ఏరి ఇస్తుంటే ఆవిడ చూసి చెప్పేది. "ఇది కుళాయి దగ్గరది. ఇది వాన పడ్డ రోజుది. ఇది కాదండి, పైఅంచు ముక్క."

సుబ్బారావు గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఏంటి బావా, సంచిలో వజ్రాలేమైనా దొరికాయా?"

"నువ్వు గీయించిన గడ్డం వెతుకుతున్నాం."

అతను ఆవిడ చేతిలోని ముక్కను, పక్కన తెరిచి ఉన్న పేజీని చూశాడు. పంచె సర్దుకుని కూర్చుని తనూ ఏరటం మొదలెట్టాడు.

సాయంత్రానికి ఒక్కటి తప్ప అన్నీ దొరికాయి. తాడు బొమ్మ తాలూకు ముక్క మాత్రం సంచి దులిపినా కనపడలేదు. నా మొహం చూసి ఆవిడే అంది. "అదలా ఉండనివ్వండి."

వెనకవైపు పల్చటి టిష్యూ కాగితం వేసి ముక్కల్ని అతికించవచ్చన్నాను. "అతుకు కనపడుతుందమ్మా, ఎంత జాగ్రత్తగా చేసినా."

"కనపడనివ్వండి. కోసిన సంగతి నాకు తెలుసు కదా. జిగురు నాకివ్వండి, నేనే అంటిస్తాను."

ఆరోజు కొన్ని, మరుసటి శనివారం వచ్చి మిగతావి అంటించింది. నేను టిష్యూ కోసి ఇచ్చాను. మధ్యలో తలెత్తకుండానే అడిగింది.

"ఇక్కడ ఎవరు కూర్చుంటారండీ?"

"మా ఆవిడ."

"ఇవాళ రాలేదా?"

"రాదమ్మా. ఫిబ్రవరిలో పోయింది."

ఆవిడ లేవలేదు. అయ్యో అనలేదు. ఇంకో ముక్క అంటించి, వేలితో నొక్కి పట్టుకుని అంది. "మైనం మీద దుమ్ము చూసి అనుకున్నానండి." వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "మీకు కాగితానికి కొదవ లేదుగా అన్నయ్యగారూ" అని మెట్లు దిగిపోయింది.

ఆ మాట నాకు నచ్చలేదు. అయినా పది రోజుల తర్వాత, మిగిలిపోయిన కాగితంతో ఒక పల్చటి పుస్తకం కుట్టుకున్నాను. పొద్దున్నే షాపు తలుపు తీసి, పని మొదలెట్టేముందు ఆ మైనం ముక్కని చూసి బొమ్మ వేసేవాణ్ణి. నెలరోజులు అదే వేశాను. మొదట్లో బెల్లం ముక్కలా వచ్చేది. తర్వాత దానిమీద దారాలు కోసిన గాట్లు కనపడ్డాయి. అవన్నీ ఆమె చేత్తో పడ్డవి. పన్నెండేళ్ళు ఒకే గదిలో పనిచేసి అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఆ పుస్తకం ఎవరికీ చూపించలేదు. దానివల్ల దుఃఖం తగ్గిందని చెప్పను. చాపమీద కూర్చుని కుట్టటం మాత్రం ఆ నెలాఖరున మొదలెట్టాను, ఆ మైనంతోనే.

1993లో బాపట్లనుంచి ఒక మనిషి చేత పార్సిల్ వచ్చింది. ఎస్తేరు టీచరుగారు అక్కడికి బదిలీ అయ్యారట. మళ్ళీ కాగితాలు, వెనక అంకెలు. పైన చిన్న చీటీ. "అన్నయ్యగారికి. ఈసారి అంచులు కోయవచ్చు."

చీటీ ఉన్నా నమ్మలేదు. గార్డింగ్ మొదలెట్టక ముందే ప్రతి కాగితాన్నీ కుడి అంచు దాకా చూశాను. సరుగుడు తోటలు, సముద్రం, బడి వరండా, ఒక మేక. చుట్టూ వేలెడు ఖాళీ వదిలి వేసింది. అంచుల్లో ఎవరూ లేరు. సగం కట్ట దాటాక ఒక కాగితం మధ్యలో నీలం చొక్కా మనిషి కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. తర్వాతి కాగితంలో మళ్ళీ మేక.

పుస్తకం తెచ్చినవాళ్ళని "అంచులు కోయమంటారా?" అని అడగటం ఈ పనిలో ఎవరూ నేర్పరు. నేను ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. దుకాణం ఉన్నంతకాలం అడిగాను. చాలామంది నవ్వేవారు, కోయక ఏం చేస్తావని.

కుట్టు పూర్తయ్యాక మెషిన్‌లో బిగించి కత్తి దించాను. కింద పడ్డవి అన్నీ తెల్ల ముక్కలే. వాటినీ ఒకసారి పరిచి చూసుకున్నాకే సంచిలో వేశాను.