సుధామయ్ మాస్టారి దిగని గీత

మా కలకత్తా బాగ్‌బజార్లో పొద్దున్నే ఎదురుపడితే కుశలం అడగరు, కడుపు ఖాళీ అయిందా అని అడుగుతారు. లెక్కల మాస్టారుగా రిటైరైన సుధామయ్ హాజ్రాకి ఆ ప్రశ్నంటే ఒళ్లుమంట. ఇసబ్‌గోల్, మారేడు షర్బత్, బొప్పాయి, వీధంతా చెప్పిన చిట్కాలన్నీ మింగి చూశాడు. పదకొండేళ్లుగా రోజూ రెండు గంటలు మరుగుదొడ్లోనే. పరాయి దొడ్డి అచ్చిరాదని ఊరు కదలడు. భార్య కనకలతకేమో పూరీ సముద్రంలో ఒక్కసారి మునగాలని ఆశ. ముందు ఈయన కడుపు కదిలితే గదా రైలు కదిలేది అని విసుక్కునేది.

చివరికి డాక్టరు బయోఫీడ్‌బ్యాక్ చికిత్సకు పంపాడు. సన్నని గొట్టం కింది నుంచి లోపలికి పెట్టి, కండరాల బిగువును తెర మీద గీతగా చూపిస్తారు. ముక్కేటప్పుడు వదలాల్సిన కండరాన్ని మాస్టారు బిగబడుతున్నాడట, గడియ పెట్టి తలుపు తోసినట్టు. చికిత్స చేసే ఈప్సిత ఆయన దగ్గర చదువుకున్న పిల్లే. ఆయనకు సిగ్గుతో చచ్చినంత పనైంది గానీ, తెర చూడగానే అంతా మరిచాడు. గీత పైకి లేస్తోంది. మాస్టారి లెక్కలో పైకి పోయే గీతంటే మార్కులే. మొహం కందిపోయేలా బిగించి, ఇంకా పైకెక్కించి, ఎంతొచ్చిందని గర్వంగా అడిగాడు.

"మాస్టారూ, ఇక్కడ సున్నా వస్తేనే ఫస్టు," అంది ఈప్సిత. "పొట్ట ముందుకు వదిలి ఊపిరి తీసుకోండి. కింద వదిలెయ్యండి."

జన్మలో ఎవరికీ అర మార్కు వదలని మనిషి! మూడు వారాలు గీత దిగితే ఒట్టు. నాలుగో వారం, ఎలాగూ ఈ పరీక్ష తప్పేవాణ్నే గదా అని పట్టుదల మానేశాడు. గీత జారింది. జారుతూనే ఉంది. ఆయన బల్ల మీద పడుకున్నవాడు పడుకున్నట్టే చప్పట్లు కొట్టాడు, ఈప్సితా కొట్టింది. కడుపు కుదుటపడ్డ వారానికే కనకలత టిక్కెట్లు కొనిపించింది.

పూరీ హోటల్లో మొదటి పొద్దున తొమ్మిది నిమిషాల్లో పని పూర్తయింది. తలుపు తీస్తే చెప్పుకోడానికి గదిలో భార్య లేదు. ఎంతకీ రాడులే అని సముద్రానికి వెళ్లిపోయింది. ఆనందం పట్టలేక చెప్పులైనా లేకుండా ఇసకలో పరుగెత్తాడు. దారిలో ముగ్గురు కలకత్తావాళ్లకు సంగతి చెబితే, ముగ్గురూ చెయ్యి పట్టుకుని ఊపారు. కనకలత నడుం లోతు నీళ్లలో తడిసి ముద్దై, చిన్నపిల్లలా పకపకా నవ్వుతోంది.

"అయిపోయింది. రా, టిఫినుకి పోదాం," అన్నాడు.

"పదకొండేళ్లు తలుపు బయట నిలబడ్డానండీ," అంది ఆవిడ, వచ్చే అలకు వీపు తిప్పుతూ. "ఇవాళ మీరు కాస్త నిలబడండి."

మాస్టారు నిలబడ్డాడు. ఎండ నెత్తికెక్కినా ఆవిడ ఒడ్డుకి రాలేదు.