అరువు నాలుక

ఆ రోజు ఉదయం ఎనిమిదింపావుకి డిష్షు మేస్త్రి నాలుక కాలింది.

అప్పుడే పొయ్యి మీంచి దించిన టీ గ్లాసు చేతిలో ఉండగా ఫోను మోగింది. కంపెనీ సూపర్‌వైజరు. అవతలివాడు మాట మొదలుపెట్టేలోపు ఒక్క గుక్క తాగేద్దామనుకున్నాడు మేస్త్రి. ఆ గుక్క మింగలేక, ఉమ్మలేక, వంటింట్లో కాసేపు ఒంటికాలి మీద గెంతాడు.

"ఊదుకుని తాగండని పెళ్ళైనప్పటి నుంచీ మొత్తుకుంటున్నా" అంది భార్య. "వెధవ నాలుక, చల్లనీళ్ళు పుక్కిలిస్తే అదే సర్దుకుంటుంది."

"వెధవ నాలుకా? ఇన్నేళ్ళూ ఈ ఇంటిని పోషిస్తోంది ఎవరనుకున్నావ్?"

అందులో అబద్ధం లేదు. జనం డిష్షు కంపెనీ మార్చినప్పుడు గోడలో పాత కేబుల్ ఉండనే ఉంటుంది. దాన్నే కొత్త డిష్షుకి తగిలిస్తే పని అరగంటలో తేలిపోతుంది, గోడ పాడవదు. చిక్కల్లా డాబా మీదే. ఒకే పైపులోంచి పది పన్నెండు నల్ల కేబుళ్ళు బయటికొస్తాయి. ఏది ఎవరిదో చెప్పే నాథుడుండడు. అందుకని మేస్త్రి కింద టీవీ దగ్గరి కొసకి చిన్న చదరపు బ్యాటరీ తగిలించి పైకెక్కుతాడు. ఖాళీగా వేలాడుతున్న కొసల్ని ఒక్కొక్కటే చెక్కి నాలుకకి ఆనిస్తాడు. ఏది చురుక్కుమంటే అదే ఆ ఇంటి కేబుల్. ఈ పనికని కంపెనీ ఇచ్చిన మీటరు కవరైనా విప్పకుండా బీరువా మీద పడి ఉంది. మీటరు వాడే మేస్త్రీలు ఆయన లెక్కలో కళ్ళజోడు పెట్టుకుని నిద్రపోయేవాళ్ళ కిందే జమ.

పందొమ్మిదేళ్ళ సర్వీసులో, పాత కేబుల్ ఉన్న ఇంట్లో ఆయన ఒక్క కొత్త కన్నం పెట్టలేదు. ఆ సంగతి ఆయన చెప్పకుండా ఏ ఇంటి గుమ్మమూ దాటలేదు.

తొమ్మిదిన్నరకి మేస్త్రి ఒక మూడో అంతస్తు హాల్లో ఉన్నాడు. ఇంటి కోడలు గోడ చూపించింది. నాలుగు రోజుల కిందట అంటించిన వాల్‌పేపరు, దాని నిండా తెల్ల కొంగలు.

"గోడకి చిన్న కన్నం పడినా ఈ కనెక్షన్ మాకొద్దు. ముందే చెప్తున్నా."

"కన్నమా? నేనా? పందొమ్మిదేళ్ళమ్మా! మీ కొంగల ఈక కూడా కదలదు."

సోఫాలో కూర్చున్న పెద్దావిడ, కోడలికి అత్తగారు, టీ కప్పు కింద పెట్టింది. "పాలు నిన్నటివి."

"ఇవాళ్టివే అత్తయ్యా."

"నిన్న పొద్దుటివి. పైగా ఫ్రిజ్జులో కోసిన ఉల్లిపాయ పక్కన పెట్టావు."

కోడలు కప్పు తీసుకెళ్ళి వంటింట్లో పారబోసింది. అంటే నిజమేనన్నమాట అనుకున్నాడు మేస్త్రి.

బ్యాటరీ తగిలించి, డాబా ఎక్కి, కొత్త డిష్షు బిగించాడు. పైపులోంచి పదకొండు కేబుళ్ళు వచ్చాయి. నాలుగు వేరే ఇళ్ళ డిష్షులకి బిగించి ఉన్నాయి, ఏడు ఖాళీ. మొదటిది నాలుకకి ఆనించాడు. ఏమీ లేదు. ఏడోదాకా వెళ్ళాడు, మళ్ళీ మొదటికొచ్చాడు. దేంట్లోనూ చలనం లేదు. అనుమానమొచ్చి నాలుకని గోరుతో గిల్లి చూసుకున్నాడు. పక్కింటాయన నాలుకని గిల్లినట్టుంది.

పోనీ, ఒక్కొక్కటే లాగి చూద్దామని కిందికి కేకేశాడు. "అమ్మా, కదిలిందా?"

"లేదు!"

పైపులో పదకొండూ జడ అల్లినట్టు పెనవేసుకుపోయాయి. ఇక లాభం లేదని సూపర్‌వైజరుకి ఫోను చేశాడు.

"మీటరు పెట్టి చూడండి."

"బీరువా మీదుంది."

"ఎవరి బీరువా?"

"మా బీరువా."

"డ్రిల్లింగ్ మిషను ఉందా, అది కూడా బీరువా మీదేనా? కొత్త కన్నం పెట్టి కొత్త వైరు లాగెయ్యండి. పన్నెండింటికి మీకు ఇంకో ఇల్లుంది."

మేస్త్రి కిందికొచ్చి మిషను బయటికి తీశాడు. గోడ మీద ఒక కొంగ ఆయన్నే చూస్తోంది.

"అమ్మా, ఆ మూల, కర్టెను వెనకాల, కనబడనంత చిన్న..."

"చిన్న ఏంటి?" అంది కోడలు. "పందొమ్మిదేళ్ళని ఎవరో అన్నారే!"

మేస్త్రి సోఫా అంచున కూలబడి, టీ దగ్గర్నుంచి మొదలుపెట్టి పన్నెండింటికి వెళ్ళాల్సిన ఇంటిదాకా ఉన్నదంతా చెప్పేశాడు.

పెద్దావిడ శ్రద్ధగా విన్నది. "అయితే నువ్వు రుచి చూసి చెప్తావన్నమాట! దానికింత ఏడుపు దేనికి? పద, నేను చూస్తా."

"మామ్మగారూ, మీరా?"

"నా నాలుకేం కాలలేదుగా? ఈ ఇంట్లో టీ చల్లగానే ఇస్తారు."

కోడలు అడ్డు చెబుతుందనుకున్నాడు మేస్త్రి. కోడలేమో చేతులు కట్టుకుని, "తీసుకెళ్ళండి. ఆ నాలుకని మించిన పరికరం ఏ కంపెనీ దగ్గరా ఉండదు" అంది. కాపురానికొచ్చాక అత్తగారిని మెచ్చుకోవడం అదే మొదలు.

ముందు బ్యాటరీ విప్పి రుచి చూపించాడు. పెద్దావిడ కళ్ళు మూసుకుంది. "ఇనప గరిటె నాకినట్టుంది. తెలిసింది, పెట్టెయ్."

డాబా మీదికి వెళ్ళగానే ఇంకో చిక్కు. "నువ్వు నాకినవి నేను నాకను." మేస్త్రి ఏడు కొసల్నీ కత్తిరించి కొత్తగా చెక్కాడు. ఆవిడ మొదలుపెట్టింది.

"చప్పన. ఇదీ చప్పన. ఇది దుమ్ము." నాలుగోదాని దగ్గర అడుగు వెనక్కేసింది. "అబ్బో! ఇది కారం! నువ్వు చూపించినదానికి రెండింతలుంది!"

మేస్త్రి తల గోక్కున్నాడు. బ్యాటరీ తొమ్మిది వోల్టులు. టీవీ పక్కనుండే సెట్‌టాప్ బాక్సు ఆన్‌లో ఉంటే డిష్షు కోసం పైకి పంపే కరెంటు దానికి రెండింతలు. అంటే డిష్షే లేకుండా ఎవరో బాక్సు వేసుకుని కూర్చున్నారు. "దాన్ని వదిలెయ్యండి, మన కేబుల్ కాదు."

అయిదు, ఆరు చప్పన. ఏడోది కాసేపు నాలుక మీద ఉంచుకుంది. "ఇదే. అదే ఇనప గరిటె. కాకపోతే తుప్పు తగులుతోంది."

"తుప్పు కూడా తెలుస్తోందా?" పందొమ్మిదేళ్ళలో ఆయనకి ఏనాడూ తెలియలేదు. జానెడు కోసేస్తే కింద రాగి తళతళలాడింది. పెద్దావిడ మళ్ళీ చూసి, "ఇప్పుడు బాగుంది" అని ఒప్పుకుంది.

టీవీలో బొమ్మ వచ్చింది. కొంగలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

దిగుతూ దిగుతూ మేస్త్రి ఆ కారం కేబుల్ ఎవరిదో వాకబు చేశాడు. కింది అంతస్తులో రిటైరైన మాస్టారిది. డిష్షు గాలికి ఎగిరిపోయిన సంగతి ఆయనకి తెలియదు. టీవీ మీద 'సిగ్నల్ లేదు' అన్న అక్షరాలు వెలుగుతున్నాయి.

"నాలుగేళ్ళుగా ఇదే వస్తోంది" అన్నాడు మాస్టారు. "ప్రశాంతంగా ఉంది. కదపకండి."

మేస్త్రి సంతకం కోసం మళ్ళీ పైకెక్కి, కంపెనీ కాగితం నింపాడు. కొత్త కేబుల్: సున్న. కొత్త కన్నాలు: సున్న, దాని కింద రెండు గీతలు. 'వాడిన పరికరం' అన్నచోట పెన్ను ఆగింది. కాసేపు ఆలోచించి 'అరువుది' అని రాశాడు.

తల ఎత్తేసరికి పెద్దావిడ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"పన్నెండింటికి ఇంకో ఇల్లన్నావుగా?" అంది. "అక్కడెన్ని వైర్లు?"