యాదమ్మ నాలుక మీద సముద్రం

నిన్న మా ఇంట్ల సముద్రం తయారైంది. లాల్‌దర్వాజల! నవ్వకుర్రి, ముందుగాల ఇనుర్రి.

మా మనుమరాలు స్వప్న చేపల చదువు చదువుతున్నది. ముందటింట్ల అద్దాల తొట్టి పెట్టి, అండ్ల తాడు కట్టి, తాడుకు సముద్రపు నాచు, అడుగున ఆల్చిప్పలు పెట్టింది. సముద్రంల నాచును గిట్లనే సాగు చేస్తరట. ఎరువొద్దు, మందొద్దు. నీళ్లల్ల మురికిని నాచు గుంజుకుంటదట, పక్కన చిప్పలు మంచిగ పెరుగుతయట, చిన్న చేపలకు నీడ గూడ దొరుకుతదట. తెల్లారి కాలేజీల సార్లకు చూపెట్టాలె. చార్టులు తెస్తనని పోతూ, "అమ్మమ్మా, నీకు దండం పెడ్త, తొట్టి ముట్టకు" అన్నది.

నేనెందుకు ముడ్త? గని అద్దం అంచుకు తెల్లగ మరక కట్టింది. నా ఇంట్ల దేనికి మరకున్నా నాకు ముద్ద దిగదు. ఏలు ముంచి నాలుకకు పెట్టుకున్న. థూ! గింత ఉప్పా! పాణమున్న జీవాలను గీ ఉప్పుల పెడ్తరా అని, నీళ్లన్నీ పారబోసి, అద్దం తళతళ తోమి, డ్రమ్ముల పట్టిపెట్టిన నల్లా నీళ్లు నింపిన. చిప్పలన్నీ టక్కున నోళ్లు మూసుకున్నయ్. సల్లగ నిద్రవోయినయ్ అనుకున్న.

గంతల స్వప్న ఫోన్. "అమ్మమ్మా, తొట్టి మంచిగున్నదా? మంచినీళ్లు పడనియ్యకు, చచ్చిపోతయ్."

"మస్తుగున్నది బిడ్డా!" అన్న. ఫోన్ పెట్టేసి తొట్టి కాడికి ఉరికిన.

తొట్టి కింద సముద్రపు ఉప్పు పొడి సంచి ఉన్నది. ఎంత ఎయ్యాలెనో ఇంగ్లీషుల రాసున్నది. నాకు తెలుగే కూడబలుక్కుంటే వస్తది. స్వప్నను అడుగుతే ఇజ్జత్ పోతది. రుచి చూసి ఏద్దామంటే నేను సముద్రం మొఖమే ఎరుగ. ఇందాక తగిలింది ఒక్క చుక్క, అదీ తిట్టుకుంటనే ఉమ్మేసిన.

మా గల్లీల సముద్రం నీళ్లు మింగినామె ఒక్కతే, ఎదురింటి యాదమ్మ. విశాఖపట్నంల అల కొట్టి బోర్లపడ్డది. గని ఆమెకు నాకు మాటల్లేవు. మా కొడుకు పెండ్లిల, బంతి నడుమ కూసోని, "పప్పుల ఉప్పెక్కువైంది" అన్నది! పప్పు వండింది నేను. గా మాట మరుస్తనా?

ఏం జేస్త, పోయిన. గడప బయటనే నిలవడ్డ.

"ఏందక్కా, ఇన్నేండ్లకు తొవ్వ తప్పినవా?"

"సముద్రం రుచి చూడాలె, రా."

"దిమాక్ ఖరాబైందా?" అనుకుంటనే వచ్చింది. కుర్చీ గుంజుకుని కాలు మీద కాలేసుకున్నది. నేను పొడి ఏసి కలుపుడు, ఆమె చెంచాతోని రుచి చూసుడు.

"చప్పగున్నది."

ఏసిన.

"ఇది చారు."

ఇంకింత ఏసిన.

"ఇది మజ్జిగ మిరపకాయ. సముద్రం కాలే. ఊఁ, కలుపు!"

కలుపు అంటది! నన్ను! నా ఇంట్ల! పండ్లు కొరుక్కుంట కలిపిన.

ఆఖరికి కండ్లు మూసుకున్నది. "ఆఁ! అల కొట్టినప్పుడు నోట్ల పడ్డది ఇదే. పక్కా!" అన్నది. ఒక కన్ను తెరిచింది. "మీ కొడుకు పెండ్లిల పప్పు గూడ అచ్చం గిట్లనే ఉండె, అక్కా."

తిడ్దామని నోరు తెరిచిన. గప్పుడే తొట్ల ఒక చిప్ప గూడ మెల్లగ నోరు తెరిచింది. ఎనుక ఇంకోటి. నేను నోరు మూసుకున్న.

పొద్దుగూకినంక స్వప్న వచ్చి, ఉప్పు కొలిచే దుర్బిన్ తీరు గొట్టం మీద ఒక చుక్క ఏసి చూసింది. "అచ్చం సముద్రమంత ఉప్పు! అద్దం గూడ మెరుస్తున్నది! ఏం జేసినవే అమ్మమ్మా?"

చెప్పక తప్పలే. మొత్తం ఇని, కడుపు పట్టుకుని నవ్వింది. "అంటే యాదమ్మమ్మ నాలుక మెషీన్ లెక్కన్నట్టు! మరి పెండ్లి పప్పు?"

"దాని నాలుక సముద్రం దాకనే. పప్పు కాడికొస్తే దానికేం తెల్వది" అని గట్టిగ చెప్పి, అన్నం పెట్టిన.

పిల్ల ఒక ముద్ద తిన్నది. నా మొఖం దిక్కు చూసింది.

"మరి ఇయ్యాల పప్పుల ఉప్పే ఎయ్యలేదేందే అమ్మమ్మా?"