ఎడమ చేతి క్లచ్చు

ఖాసిం అన్న చనిపోయిన వారంలోనే నాలుగు మాటలు రాసివ్వమని మెకానిక్కుల సంఘం వాళ్ళు అడిగారు. రాయలేకపోయాను. నాకు అక్షరాలు వచ్చిందే తల నెరిసే వయసులో. నేర్పింది అన్న కూతురు నస్రీన్, జనగామలోని మా షెడ్డు ఇనుప తలుపు మీద, సుద్దముక్కతో. వత్తుల దగ్గర నేను మొండికేస్తే, "మా అబ్బను ఏమని పిలుస్తవ్ అత్తా? గదే రాయి" అంది. అప్పటిదాకా నేను 'అన' అని రాసేదాన్ని. న కింద న వత్తు ఆ రోజు వచ్చింది. ఇప్పుడు రాయబోతే ఆ మాట దగ్గరే చెయ్యి ఆగిపోతూ వచ్చింది. షెడ్డు పని కూడా నా మీదే పడింది. సాయంత్రం కిరోసిన్ వాసన చేతులతో కాగితం ముందు కూర్చుంటే కన్ను మూతపడేది. ఆలస్యానికి కారణం అంతే.

ఆయన పోయిన రోజు తెలంగాణ బంద్ ఉంది. ముందురోజు సాయంత్రం స్పానర్లు తుడిచి వరసగా పెట్టి ఇంటికి పోయిన మనిషి, పొద్దెక్కేసరికి దవాఖానలో ప్రాణం విడిచాడన్నారు. నేను ఆ స్పానర్ల ముందే నిలబడి ఉన్నాను. కబురు తెచ్చినవాళ్ళ మాట నాకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది.

మాది మానుకోట వైపు తండా. కూలికి జనగామ వచ్చినదాన్ని. విప్పిన సామాను కిరోసిన్‌లో కడిగే పని అన్న ఇచ్చాడు. షెడ్డులో ఆడమనిషి ఏందని నలుగురు నవ్వితే, "గ్రీజుకు ఎవల చేతులైతేంది" అని తన పనిలో తాను పడ్డాడు. ఎక్కువ మాట్లాడడానికి ఆయనకు ఊపిరి చాలేది కాదు. తెలంగాణ కోసం బంద్ పిలుపు వచ్చిన ప్రతిసారీ షట్టరు సగమే దించేవాడు. "దుకాణం బందే. తొవ్వల బండి ఆగితే గది దుకాణం కాదు" అనేవాడు. ఆ సగం తలుపు కిందినుంచే భూపాలపల్లి సమ్మయ్య లోపలికి వచ్చాడు.

బస్సులు ఆగిపోయిన సమ్మె రోజులవి. సమ్మయ్య తన కారులో మనుషులను హైదరాబాదుకు చేరవేసేవాడు. ఆ కారే అతని బతుకు. అది ఆటోమేటిక్‌ది. క్లచ్చు ఉండదు, గేరు దానంతట అదే మారుతుంది. జనగామ దగ్గరికి వచ్చేసరికి ఇంజను మోగుతున్నా చక్రం కదల్లేదట. నెట్టుకుంటూ తెచ్చారు. అన్న కిందికి దూరి, కారిన నూనెను వేలికి రాసుకుని వాసన చూశాడు. గేరుపెట్టె కాలిపోయింది. అలాంటిది దొరకదని, దాన్ని తీసేసి మామూలు గేరుపెట్టె, క్లచ్చు వేస్తేనే బండి బతుకుతుందని చెప్పాడు. సమ్మయ్య నేల చూస్తూ నిలబడి, చివరికి సరేనన్నాడు.

కేసముద్రంలో పాత బండ్లు విప్పి అమ్మే ఒకాయనకు అన్న ఫోను చేశాడు. "ఆటోది వద్దు, చేతిగేరుది పంపు" అన్నాడు. ఆయనకు ఏం వినపడిందో, పత్తి లారీ మీద ఒక గోనెసంచి వచ్చింది. విప్పితే ఆటోరిక్షా గేరుపెట్టె, హ్యాండిలుతో సహా. మన దగ్గర ఆటో అంటే మూడు చక్రాలదే కదా. ఛాయి తాగడానికి ఆగిన పాలకుర్తి ఆటోవాళ్ళు సంచి చుట్టూ చేరారు. "సమ్మన్నా, ఇగ నీ కారుకు ముంగట ఒక్కటే చక్రం పెడ్తరట" అని ఆటపట్టించారు. అన్న నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. సంచి మూలకు పడింది.

తర్వాత సరైన పెట్టె వచ్చింది. పాతది దించి, కొత్తది ఎక్కించి, క్లచ్చు పెడలు బిగించి తాళం తిప్పితే బండి మూలగనైనా లేదు. పాత గేరుకడ్డీ బండిని నిలిపి ఉంచే గుర్తు దగ్గర ఉంటేనే స్టార్టరుకు కరెంటు పోయేలా తీగలు ఉన్నాయి, ఆ కడ్డీయే ఇప్పుడు లేదు. అన్న ఒక పూటంతా వెతికి ఆ రెండు తీగలూ కలిపేశాడు. దాంతో ఇంకో ప్రమాదం వచ్చింది. ఇక గేరులో ఉన్నా బండి స్టార్టయి ముందుకు దూకుతుంది. "తాళం తిప్పకముందు గేరుకడ్డీ ఊపి చూడాలె. ఊగితే గేరుల లేనట్టు, గప్పుడే తిప్పాలె" అని మా ఇద్దరితోనూ పలికించాడు.

ఆ తర్వాత సమ్మయ్యను కూర్చోబెట్టి క్లచ్చు తొక్కమన్నాడు. సమ్మయ్య రెండు చేతులతో తన ఎడమ కాలు ఎత్తి పెడలు మీద పెట్టుకున్నాడు. కాలు అక్కడ ఉంది గాని పెడలు కదల్లేదు. అతను కుంటుతుంటే, బండి నెట్టేటప్పుడు బెణికిందనుకున్నాం. అది చిన్నప్పుడు పోలియోతో పోయిన కాలు.

"ముందుగాల చెప్పకపోతివేంది తమ్మీ?" అన్నాడు అన్న.

"చెప్తే ముట్టవనుకున్న అన్నా. ఆటోమేటిక్‌ది కొన్నదే గీ కాలు కోసం."

అన్న నూనె డబ్బా మీద కూలబడ్డాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడడానికి కూడా ఓపిక లేనట్టు చేతులు మోకాళ్ళ మీద వేసుకుని ఉండిపోయాడు. ఆయన ముసలివాడని ఆ రోజే మొదటిసారి అనిపించింది. కాసేపటికి మూల ఉన్న గోనెసంచి వైపు చూసి నన్ను పిలిచాడు.

"చెల్లె, ఆటోల క్లచ్చు, గేరు రెండూ ఎడమ చేతిలనే గదనే."

ఆ హ్యాండిలు మీది క్లచ్చు పిడిని కోసి కారు గేరుకడ్డీకి అతికించాడు. పిడి నొక్కితే కేబులు పోయి పెడలును లాగాలి. కారు క్లచ్చు బరువు, నొక్కితే వేళ్ళు విరిగేలా ఉంది. మధ్యలో ఒక పొడుగు కడ్డీ వేశాడు, తర్వాత ఇంకా పొడుగుది. వేసిన ప్రతిసారీ నన్నే నొక్కమన్నాడు. సమ్మయ్య తాను నొక్కి చూస్తానంటే, "నువ్వు వద్దు. కష్టమైనా అల్కగనే ఉందంటవ్. చెల్లె అబద్ధమాడది" అన్నాడు. నేను బరువే అంటే దగ్గుకుంటూ మళ్ళీ విప్పాడు. బరువే అనడానికి నాకు నోరు రాకపోయినా అన్నాను. చివరికి నా చేతికి బరువు లేకుండా అల్కగా వచ్చింది. సమ్మయ్య ఆ బండిని చిల్పూర్ గుట్ట దాకా నడుపుకుంటూ పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చాడు. అన్న ఆ కొబ్బరి ముక్కను కళ్ళకద్దుకుని తిన్నాడు.

అన్న పోయిన రోజు నస్రీన్ మానుకోటలో అత్తగారింట్లో ఉంది. రైలు లేదు, బస్సు లేదు. పొద్దు గూకకముందే మట్టి చేయాలని పెద్దలన్నారు. నేను సమ్మయ్యకు ఫోను చేశాను. అతను భూపాలపల్లి నుంచి మానుకోట పోయి, అక్కడినుంచి ఆ బిడ్డను ఎక్కించుకుని జనగామకు బయలుదేరాడు. ఊరూరా బంద్ చేసేవాళ్ళు రోడ్డుకు అడ్డంగా పెట్టిన రాళ్ళు, మొద్దులు, రోడ్డు మీదే వంటలు. ఆగిన ప్రతిచోటా సంగతి చెప్పి, తొవ్వ అడుక్కుని, మళ్ళీ కదిలించాడు. జనాజాను భుజాల మీదికి లేపడానికి అందరూ లేచి నిలబడినప్పుడు కారు సందు తిరిగింది.

నస్రీన్ తండ్రి ముఖం చూసింది. తర్వాత నా పక్కన కూర్చుని, "స్నానం చేపిచ్చిన్రు గాని అత్తా, అబ్బ గోర్లల్ల గ్రీజు పోలే" అంది.

"పోదు బిడ్డా," అన్నాను. నావి చూపించాను.

జనగామలో మెకానిక్కులు చాలామంది ఉన్నారు, మంచివాళ్ళే. తెలంగాణ కూడా ఇవాళో రేపో వస్తుందంటున్నారు. రానీ. కానీ చేసిన పనిని బరువే అంటే మాట్లాడకుండా మళ్ళీ విప్పే మనిషి ఇక రాడు.

మట్టి చేసిన మరునాడు పొద్దున షట్టరు సగం ఎత్తాను. సమ్మయ్య కారు బయటే ఉంది. అతని ఎడమ అరచెయ్యి పొక్కి ఉంది, అడిగితే ఏం కాలేదన్నాడు. పిడి నొక్కి చూశాను. బరువే. కేబులు విప్పి, కిరోసిన్‌తో కడిగి, చుక్క చుక్కగా నూనె పోసి బిగించాను. నొక్కాను. మళ్ళీ విప్పి, మళ్ళీ బిగించాను. అల్కగా వచ్చాక లోపల కూర్చుని కడ్డీ ఊపి చూశాను. ఊగింది. తాళం తిప్పాను.