ఒర్సోలా షర్బత్తు పాట

నేపుల్స్‌లో జనం ఒపెరాకు పాటలు వినడానికి వెళ్తారనుకునేవాడు ఒట్టి వెర్రివాడు. గొప్పింటివాళ్లు కూర్చునే బాక్సుల్లో పేకాట, పెళ్లి బేరాలు, పక్కింటి గుట్లు. పెద్ద గాయని నోరు తెరిస్తే మాత్రం కాస్త తల తిప్పుతారు. రెండో అంకంలో ఆవిడ దుస్తులు మార్చుకోవడానికి లోపలికి వెళ్తుంది. ఆ ఖాళీలో పనిమనిషి వేషం వేసినామె దీపం పట్టుకొచ్చి, కథకు సంబంధం లేని పాట ఒకటి పాడుతుంది. సరిగ్గా అప్పుడే నిమ్మరసం కలిపిన మంచు షర్బత్తు గిన్నెలు, చెంచాలతో సహా హాల్లోకి వస్తాయి. అందుకే దాన్ని షర్బత్తు పాట అంటారు.

ఒర్సోలా ఇరవై ఏళ్లుగా పాడుతున్నది ఆ పాటే. వలలు అల్లే ఇంట్లో పుట్టింది. చర్చిలో పాడుతుంటే గొంతు బాగుందని నాటకశాల బృందగానంలో చేర్చుకున్నారు. అక్కణ్ణుంచి పనిమనిషి వేషం దాకా ఎక్కింది, ఆపైన మెట్టు లేదు. ఏ స్వరకర్త వచ్చినా, ఏ ఒపెరా ఆడినా, పడవలో వెళ్లిన తమ్ముడి కోసం అక్క ఎదురుచూసే ఆ పాటనే తనతో తెచ్చుకునేది. కూరలో కరివేపాకు బతుకు. మొదటినుంచి చివరిదాకా ఆ పాట విన్న పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. ఏం మనుషులండీ!

షర్బత్తు అమ్మే తొతొన్నోకు మాత్రం ఆ పాటంటే ప్రాణం.

"ఒర్సోలక్కా, నువ్వు గొంతెత్తితే చాలు, నా కుండ ఖాళీ. నీ నోరు చల్లగుండ!"

"నీ మొహం మండ! ఒక్కనాడైనా విన్నావురా?"

"వింటూ కూర్చుంటే చిల్లర ఎవరిస్తారే?"

ఆ ఏడు బెల్లఫ్రోంతే అనే కొత్త స్వరకర్త వచ్చాడు. ఒపెరా అంటే పాటలు గుచ్చిన దండ కాదు, కథంతా సంగీతంలోనే నడవాలి అన్నాడు. మాట మంచిదే. నాటకశాల యజమాని దొన్ గౌదియోజో ఒర్సోలాను పిలిపించి, వచ్చే వారం నుంచి షర్బత్తు పాట ఉండదని చెప్పాడు.

"నీ పాట దగ్గర కథ ఆగిపోతోందమ్మా" అన్నాడు స్వరకర్త, కాస్త మర్యాదగానే.

"కథను ఆపేది నా పాట కాదు మాయెస్ట్రో గారూ, మీ చెంచాలు."

"నోరు తగ్గించు" అన్నాడు గౌదియోజో. "రేపు ఆఖరిసారి. పాడి, బుద్ధిగా ఇంటికి పో."

ఒర్సోలాకు ఒళ్లు మండిపోయింది. పాట పోతే పోనీ. కానీ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ పాటను ఎవరైనా వినాలి. వినకుండానే పాతిపెడతారా?

మర్నాడు రెండో అంకంలో దీపంతో వచ్చి నిలబడింది. గిన్నెలు గలగలమన్నాయి. వాద్యగాళ్లు ఎత్తుగడ వాయించారు. ఒర్సోలా నోరు విప్పలేదు. మళ్లీ వాయించారు. ఊహూఁ.

"పాడవే, గొంతు పడిపోయిందా!" తెర చాటునుంచి గౌదియోజో పళ్లు కొరికాడు.

వాద్యగాళ్లు ఆపేశారు. ఇరవై ఏళ్లు పాడితే తల తిప్పని జనం, పాడకపోయేసరికి తిప్పారు!

"ఏమే, పాట మింగేశావా?" అని పైవరుసలోంచి ఒకడు అరిచాడు.

"దానికీ ఓ గిన్నె ఇవ్వండ్రా!" అన్నాడు ఇంకొకడు. హాలంతా గొల్లుమంది.

ఒర్సోలా దీపం కింద పెట్టి, నడుం మీద చేయి వేసుకుంది.

"తినండి బాబూ, తినండి. ఇరవై ఏళ్లు మీరు తింటుంటే నేను పాడాను. ఇవాళ మీరు తినండి, నేను వింటాను."

మొండివాడు రాజు కంటే బలవంతుడని ఊరికే అన్నారా? ఈలలు వేశారు, తిట్టారు. ఆమె కదల్లేదు. ఒక్కొక్క చెంచా ఆగింది. చివరికి ఒక్కటే మిగిలింది, ముందు బాక్సులో టిక్కుటిక్కుమంటూ. ఒర్సోలా అటు చూసింది. బెల్లఫ్రోంతే. కథ ఆగకూడదన్న పెద్దమనిషి! ఎర్రబడ్డ మొహంతో గిన్నె పక్కన పెట్టాడు.

అప్పుడు పాడింది. గొంతు వయసు మీరింది, ఒకచోట బొంగురుపోయింది కూడా. అయినా ఆపలేదు. మొదటినుంచి చివరిదాకా పాడి, దీపం తీసుకుని, ఎవరికీ వంగి దండం పెట్టకుండా లోపలికి వెళ్లిపోయింది.

"ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకు!" అన్నాడు గౌదియోజో.

"తొక్కమన్నా తొక్కను" అని శాలువా కప్పుకుంది.

పెరటి గుమ్మం దగ్గర తొతొన్నో కుండ ముందేసుకుని కూలబడి ఉన్నాడు.

"కొంప ముంచావు కదే అక్కా! కుండలో మంచు మొత్తం నీళ్లయిపోయింది. నువ్వు పాడినంతసేపూ ఒక్కడంటే ఒక్కడు కొనలేదు."

ఒర్సోలా అతని పక్కనే మెట్టు మీద కూర్చుంది. కళ్లు తుడుచుకుంది.

"ఏమన్నావురా? మళ్లీ చెప్పు."